హరిదాస్ బొటనవేలి కింద

బెడోక్‌లో ఆ హాకర్ సెంటర్‌లో ఫ్యాన్ సరిగ్గా నెత్తి మీద తిరిగే టేబుల్ ఒక్కటే ఉంది, చేపల సూప్ కొట్టు ఎదురుగా. ఆదివారం పొద్దున్న ఏడున్నరకల్లా దాని మీద ఒక టిష్యూ ప్యాకెట్ ప్రత్యక్షమవుతుంది. అది హరిదాస్‌ది. ఈ ఊళ్ళో టేబుల్ మీద టిష్యూ ప్యాకెట్ పడిందంటే చోప్ అయిపోయినట్టే, మనిషి అక్కడ ఉన్నా లేకపోయినా ఆ కుర్చీ జోలికి ఇంకెవరూ రారు. అంత చిన్న ప్యాకెట్‌కి ఉన్న పరువు మన ఊళ్ళల్లో రిజిస్టర్డ్ దస్తావేజుకి కూడా ఉండదు.

ఎనిమిదేళ్ళుగా, అంటే రిటైరైన దగ్గర్నుంచీ, హరిదాస్ ఆ టేబుల్ మీంచే ప్రపంచాన్ని నడుపుతున్నాడు. వయసు అరవై ఎనిమిది. ఆటసామాన్లు ఎగుమతి చేసే ఒక చిన్న కంపెనీలో ముప్ఫై ఏళ్ళు క్లర్కు పని చేశాడు. పుట్టింది మలేషియాలో, బాగాన్ దాతో దగ్గర కొబ్బరి తోటల్లో. తాతలు ఎప్పుడో విశాఖపట్నం వైపు నుంచి ఓడెక్కారు, ఆ యాస మాత్రం ఇంకా దిగలేదు. ఎదురుగా కూర్చునేది విశ్వేశ్వరరావు. కాకినాడ ఆయన, బ్యాంకులో కంప్యూటర్లు చూసి రిటైరయ్యాడు. హరిదాస్ ఏం చెప్పినా కాదనడానికే ప్రతి ఆదివారం పాసిర్ రిస్ నుంచి బస్సెక్కి వస్తాడు.

"ఇలా చూడండి రావుగారూ," అని హరిదాస్ కాఫీ కప్పులు సర్దుతాడు. "ఇది ఈజిప్టు. ఈ చెంచా సూయజ్ కాలవ. ఈ సాసరు లిబియా, కింద ఆయిలు. ఈ చక్కెర పొట్లం బహ్రెయిను, అమెరికా వోడి నేవీ పార్కింగు. ఇప్పుడు వీటన్నిట్లో జనం గవర్నమెంటు మీద లేచారు. టేబుల్ ఎవళది? జనానిది. అన్నం తెచ్చుకోడానికి కొట్టు దగ్గిర లైన్లో నిలబడ్డారు పాపం. ఈలోపు ఏటవుద్ది? అమెరికా వోడొచ్చి ఒక టిష్యూ ప్యాకెట్ పెడతాడు. ఫ్రాన్సు వోడు గొడుగు పెడతాడు. సౌదీ వోడు ఆఫీసు ఐడీ కార్డు పెడతాడు. రష్యా వోడు ఏటీ పెట్టడు, నేరుగా కూర్చుండిపోతాడు. జనం ట్రేలు పట్టుకుని తిరుగుతా ఉంటారు, సూపు చల్లారిపోద్ది."

"బానే ఉందండి. కానీ అదంతా జనం లేచాక కదా? మీరేమో లేపిందే వాళ్ళంటారు. రొట్టె ధర పెరిగితే జనం వాళ్ళంతట వాళ్ళు లేవరా ఏంటి?"

"రొట్టె కోసం మనిషి రొట్టెల కొట్టు తలుపు కొడతాడు. ప్యాలెస్ తలుపు కొట్టడు. కొట్టాడంటే ఎనకాల ఎవడో ఉన్నాడనే."

"రుజువుందా?"

ఈ ప్రశ్న విశ్వేశ్వరరావు ఎన్నిసార్లు అడిగాడో లెక్కలేదు. జవాబు కూడా కంఠతా వచ్చు. అయినా అడుగుతాడు, ఎందుకంటే అడక్కపోతే ఆదివారం ఆదివారంలా ఉండదు.

హరిదాస్ సంచిలోంచి ప్లాస్టిక్ ఫోల్డర్ తీస్తాడు. అందులో ఒక జిరాక్సు కాగితం. "రెండువేల పదకొండు, ఆగస్టు. తారీకు చూడండి. కైరోలో ఒక కొట్టు వోడికి మా కంపెనీ నుంచి ఏటెళ్ళిందో చూడండి. ఈతకి పెట్టుకునే గాగుల్స్. ఐదొందల డజన్లు! ఆరు వేలు! చలికాలం ముందు, ఎడారి దేశంలో, ఆరు వేల మంది ఎక్కడ ఈదుతారండీ? ఇసకలోనా? సరే. నవంబర్లో ఏటైంది? అక్కడ పోలీసులు జనం మీద టియర్ గ్యాస్ వదిలారు. టీవీలో చూస్తే జనం మొహాల మీద ఏటున్నాయి? గాగుల్స్! నవంబర్లో గ్యాస్ వదుల్తారని ఆగస్టులోనే తెలిసిందెవళికి? చెప్పండి!"

ఈ మాట అంటున్నంతసేపూ ఆయన బొటనవేలు ఆ కాగితం పైభాగంలో ఒకే చోట ఉంటుంది. తారీకు కనిపిస్తుంది, అంకె కనిపిస్తుంది, మధ్యలో ఒక లైను మాత్రం కనిపించదు. ఎనిమిదేళ్ళలో విశ్వేశ్వరరావు ఆ వేలు తియ్యమని ఒక్కసారి కూడా అడగలేదు.

ఆ వేలి కింద ఏముందో ఇప్పుడే చెప్పేసుకుందాం. "కస్టమర్ అడిగినది: 500 పీసులు" అని ఉంది.

డజన్లు కాదు, పీసులు. ఐదొందల గాగుల్స్ అడిగితే ఆరు వేలు పంపింది అమెరికా కాదు, ఇజ్రాయెల్ కాదు, ఖతార్ కూడా కాదు. బాగాన్ దాతో హరిదాస్.

అసలు ఆయనకి ఈ పిచ్చి పట్టింది పదేళ్ళ వయసులో. ఎక్కడో అరబ్బు దేశాల్లో యుద్ధం వచ్చి సూయజ్ కాలవ మూసేశారు. యూరప్ వెళ్ళే ఓడలు ఆఫ్రికా చుట్టూ తిరగాల్సొచ్చింది. తోట మేస్త్రీ వచ్చి ఒక కాగితం చూపించి, ఎండుకొబ్బరి ధర పడిపోయిందని, ఈ నెల కూలి తగ్గుతుందని చెప్పాడు. మేస్త్రీ చెప్పింది నిజమో, సొంతంగా మింగేశాడో ఎవరికీ తెలీదు. కానీ హరిదాస్ వాళ్ళమ్మ ఆ రాత్రి గంజి కాసి, "ఎవడో కాలవ మూసేత్తే మన కుండ మూసుకుపోయింది" అంది. అప్పట్నుంచీ కుర్రాడు రేడియో దగ్గరే. కాలవ మూసినవాడు ఎవడు, వాడి వెనకాల ఎవడు, ఆ వెనకాలవాడికి ఏంటి లాభం. బడి మానేశాడు గానీ ఈ మూడు ప్రశ్నలు మానలేదు. పంతొమ్మిదో ఏట జోహోర్ వంతెన దాటి సింగపూర్ వచ్చాడు, టైపింగ్ నేర్చుకున్నాడు, క్లర్కు అయ్యాడు.

ఇక ఆ గాగుల్స్ ఆర్డరు వచ్చిన ఆగస్టు రోజు. లిబియాలో ట్రిపోలీ పడిపోయింది. ఆఫీసు గోడౌన్‌లో చిన్న టీవీ ఉంది. హరిదాస్ ఒక కన్ను టీవీ మీద, ఒక కన్ను కంప్యూటర్ మీద, నోరు మాత్రం పూర్తిగా స్టోర్ కీపర్ మీద పెట్టి, "చూడరా, ఆయిలు పంచుకోడానికి ఎవడెవడు వస్తన్నాడో చూడు" అని వాదిస్తూ ఆర్డర్ ఫారం నింపాడు. యూనిట్ దగ్గర ఒక లిస్టు తెరుచుకుంటుంది. పీస్, పక్కనే డజన్. చెయ్యి ఒక గడి కిందకి జారింది. ఆ ఫారం చైనాలో ఫ్యాక్టరీకి వెళ్ళింది, గాగుల్స్ పెట్టెలయ్యాయి, పెట్టెలు ఓడెక్కాయి. అక్టోబర్లో కైరో కొట్టువాడు బూతులతో ఒక ఈమెయిలు పంపాడు. బాస్ లిమ్ హరిదాస్‌ని పిలిచి, "సోమవారం లెటర్ ఇస్తాను, ఇంకో ఉద్యోగం చూసుకో" అన్నాడు. ఆయనే జాలిపడి నవంబర్ నెలాఖరు దాకా ఆగాడు. ఆ నెలాఖరు లోపే కైరో వీధుల్లో గొడవ మొదలైంది. కొట్టువాడు మళ్ళీ ఈమెయిలు పంపాడు, ఈసారి బూతుల్లేవు. అన్నీ అయిపోయాయి, ఇంకో ఐదొందల డజన్లు పంపమన్నాడు. లిమ్ హరిదాస్‌ని పక్కన కూర్చోబెట్టుకుని చికెన్ రైస్ తినిపించాడు.

మనిషన్నవాడు చికెన్ రైస్ తింటూ తన తప్పు గుర్తుచేసుకోడు. నెల తిరిగేసరికి చెయ్యి జారడం పోయి దాని చోట్లో రహస్యం వచ్చి కూర్చుంది. ఆఫీసులో శాంపిల్‌గా ఉన్న ఒక జత గాగుల్స్ ఇంటికి తెచ్చుకున్నాడు, నీలం పట్టీ, దాని మీద డాల్ఫిన్ బొమ్మ. ఇంట్లో షోకేసులో వెంకటేశ్వరస్వామి పక్కన పెట్టాడు. వచ్చిన ప్రతివాడికీ చూపిస్తాడు.

ఇలా హాయిగా నడుస్తుండగా మార్చి నెలలో కూతురు నిఖిల బాంబు పేల్చింది.

నిఖిలకి ముప్ఫై రెండు. నీళ్ళు శుద్ధి చేసే ఒక కంపెనీలో ఇంజనీరు. అన్నం తింటూ తింటూ, "నాన్నా, నేను ఒకర్ని పెళ్ళి చేసుకుంటున్నా. నా టీమే. పేరు రామీ. ఈజిప్ట్," అంది.

హరిదాస్ చేతిలో ముద్ద అక్కడే ఆగిపోయింది. "ఈజిప్టులో ఎక్కడ?"

"కైరో. అడుగుతావని తెలుసు, అందుకే ముందే చెప్తున్నా. రెండువేల పదకొండులో జనమంతా చేరిన ఆ స్క్వేర్‌లోనే ఉన్నాడు వాడు. కాలేజీ కుర్రాడు అప్పుడు. నువ్వు వాడి ముందు గాగుల్స్ ఊసెత్తినా, నిన్ను ఎవడు ఆడించాడు అని అడిగినా, నేను రిజిస్ట్రీలో సంతకం పెట్టేసి ఫోటో వాట్సాప్‌లో పంపిస్తా. నువ్వు దాని కింద థంబ్స్ అప్ పెట్టుకో."

"ఐయో, నేనేటన్నాను ఇప్పుడు?"

"ఇంకా అనలేదు. అందుకే చెప్తున్నా. సీరియస్‌గా నాన్నా. నాకు మీరిద్దరూ కావాలి. ఒక్క లంచ్. రెండు గంటలు. ప్రపంచం గురించి నోరెత్తకు."

హరిదాస్ భార్య అమ్ములు అడగాల్సింది వేరే ఉంది. "తురకలా?"

"కాదమ్మా. కాప్టిక్ క్రిస్టియన్. ఇప్పుడు వాళ్ళకి ఉపవాసాలు, ఈస్టర్ దాకా యాభై ఐదు రోజులు. మాంసం తినడు, చేప, గుడ్డు, పాలు, పెరుగు, నెయ్యి ఏదీ ముట్టడు. ఏడాది మొత్తంలో ఇలాంటివి రెండొందల రోజులుంటాయి."

అమ్ములు గరిటె కింద పెట్టేసింది. "రెండొందలా! మన పెద్దమ్మ కార్తీకమాసం ఒక్కటి చేసి ఊరంతా చెప్పుకుంటది. ఒసే, ఇలాంటి పిల్లోడు మనలో ఎక్కడ దొరుకుతాడే!" ఆవిడ ఓటు అక్కడితో పడిపోయింది.

శనివారం పొద్దున్న నిఖిల షోకేసు చూసి, "అది తీసెయ్" అంది. హరిదాస్ గాగుల్స్ తీసి అమ్ములు చేతిలో పెట్టి, "లోపలెక్కడైనా దాచు, జాగర్త, అది రుజువు" అన్నాడు. ఆవిడ సరేనంది.

రామీ పన్నెండింటికి వచ్చాడు. ముప్ఫై నాలుగేళ్ళుంటాయి, పొడుగ్గా ఉన్నాడు, ముందువైపు జుట్టు పల్చబడుతోంది, చేతిలో ఖర్జూరాల డబ్బా. గుమ్మంలోనే చెప్పులు విప్పి, "నమస్కారం అంకుల్, బాగున్నారా" అని నేర్చుకున్నదంతా ఒక్క గుక్కలో ఖర్చు పెట్టేశాడు. ఇక ఆ తర్వాత అందరూ ఇంగ్లీషే.

హరిదాస్ సోఫాలో బిగుసుకుని కూర్చున్నాడు. నోట్లో మాటలు బస్సు కోసం నిలబడ్డ జనంలా తోసుకుంటున్నాయి. నిఖిల ఎదురు కుర్చీలో కూర్చుని ఆయన నోటినే చూస్తోంది.

"అంకుల్, మీరు న్యూస్ బాగా ఫాలో అవుతారని నిఖిల చెప్పింది," అన్నాడు రామీ.

"అబ్బే," అన్నాడు హరిదాస్. "వాతావరణం చూస్తాను. రేపు వానంట."

"కాలవలో ఓడ అడ్డంగా ఇరుక్కుపోయినప్పుడు మీరు ఆరు రోజులు నిద్రపోలేదట కదా?"

హరిదాస్ మెడ మీద నరం ఒకటి లేచింది. సూయజ్! ఇంట్లోకి వచ్చి సూయజ్ అన్నాడు! "ఓడలన్నాక... ఇరుక్కుంటాయి," అని గుటక మింగాడు. పెళ్ళైన నలభై ఏళ్ళలో ఆయన ఇంత త్యాగం చెయ్యగా ఎవరూ చూడలేదు. నిఖిల కళ్ళతోనే థాంక్స్ చెప్పింది.

అంతా బాగానే పోతోంది. రామీ లేచి, "ఇవి ఆంటీకి ఇచ్చేసి వస్తాను," అని ఖర్జూరాల డబ్బా తీసుకుని వంటగదిలోకి వెళ్ళాడు. గుమ్మంలోనే ఆగిపోయాడు.

లోపల అమ్ములు మసాలా వడల్లోకి చిన్నుల్లిపాయలు తరుగుతోంది. కళ్ళకి నీలం పట్టీ గాగుల్స్ పెట్టుకుంది. తల వెనకాల పట్టీ మీద డాల్ఫిన్ దూకుతోంది.

హరిదాస్ వెనకాలే వచ్చి చూశాడు. "అమ్ములూ! దాచమంటే..."

"ఏటి దాచేది? ఉల్లిపాయలు తరగొద్దా?" అంది ఆవిడ తల తిప్పకుండా. "ఎనిమిదేళ్ళ నుంచీ దీంతోనే తరుగుతన్నాను. నువ్వు ఆదివారం టేబుల్‌కెళ్ళగానే షోకేసులోంచి తీత్తాను, నువ్వొచ్చేలోపు కడిగి పెట్టేత్తాను. అందుకే ఇన్నేళ్ళయినా అంత మెరుస్తంది నీ రుజువు."

రామీ నవ్వలేదు. దగ్గరకెళ్ళి, "ఆంటీ, ఒకసారి చూడొచ్చా?" అన్నాడు. అమ్ములు తీసి ఇచ్చింది. అతను పట్టీ తిప్పి లోపలి వైపు చూశాడు. అక్కడ చిన్న అక్షరాల్లో కంపెనీ పేరు, దాని కింద సింగపూర్ అని ఉంది.

"ఇది నా దగ్గర కూడా ఉంది," అన్నాడు. "ఇదే డాల్ఫిన్. మా అమ్మ దగ్గర, కైరోలో, బీరువాలో. ఆ నవంబర్లో మా వీధుల్లో ఎక్కడ చూసినా ఇవే. రొట్టె కంటే చవక. బండి మీద కుప్పలు పోసి అమ్మారు. ఒకటి కొనుక్కున్నాను. దూరం నుంచి పోలీసులు కాల్చిన పెల్లెట్ ఒకటి వచ్చి ఎడమ అద్దానికి తగిలింది. అద్దం పగిలింది, కన్ను ఉంది. నా పక్కనున్న వాడి దగ్గర గాగుల్స్ లేవు."

పొయ్యి మీద నూనె కాగుతోంది. అమ్ములు చెయ్యి చాచి మంట తగ్గించింది.

"తర్వాత నన్ను పట్టుకెళ్ళారు. పదకొండు రోజులు. ఆఫీసరు నా గాగుల్స్ బల్ల మీద పెట్టి, ఇక్కడ సింగపూర్ అని రాసుంది, ఎవడు పంపాడు నీకు, నిన్ను నడిపేవాడి పేరేంటి అని అడిగాడు. రోజూ అదే ప్రశ్న. పేరు చెప్తే వదిలేస్తానన్నాడు. నా దగ్గర పేరుంటే చెప్పేసేవాణ్ణి అంకుల్, నేను అంత వీరుణ్ణి కాదు. తెలిస్తే కదా! ఒక రోజు విసుగొచ్చి, సింగపూర్‌లో ఎవరినైనా ఒకర్ని ఊహించుకుందామనుకున్నాను. ఒక్క చైనా పేరు కూడా గుర్తురాలేదు."

హరిదాస్‌కి ఆ ఆఫీసరు గొంతు బాగా తెలిసినట్టనిపించింది. ఎవడు పంపాడు, ఎనకాల ఎవడున్నాడు. అది తన గొంతే. ఆదివారం ఏడున్నరకి వినిపించే గొంతు.

"మరి నిజంగానే ఎనకాల ఎవళూ లేరా?" అనేశాడు. అన్నాక గానీ నోరెత్తానని తెలీలేదు.

"నాన్నా!" అంది నిఖిల.

"పర్లేదు, అడగనీ," అన్నాడు రామీ. "లేరని నేను ఎప్పుడూ అనలేదంకుల్. మా మీద వేసిన గ్యాస్ డబ్బాల మీద మేడిన్ యూఎస్ఏ అని ఉండేది. మా ఆర్మీకి ఏటా డబ్బిచ్చేదీ వాళ్ళే, మా స్వేచ్ఛ గురించి టీవీలో మాట్లాడేదీ వాళ్ళే. తర్వాత గల్ఫ్ వాళ్ళొచ్చారు, ఇంకా ఎవరెవరో వచ్చారు. అందరూ వచ్చి టిష్యూ ప్యాకెట్లు పెట్టుకున్నారు. కానీ నేను వెళ్ళిన రోజు టేబుల్ ఖాళీగా ఉంది. మా పక్కింటి కుర్రాణ్ణి స్టేషన్లో కొట్టారని వెళ్ళాను. అది ఏ ఎంబసీ చెప్పలేదు నాకు, వాళ్ళమ్మ చెప్పింది, మెట్ల మీద కూర్చుని."

టిష్యూ ప్యాకెట్! తను చెప్పే మాటే! హరిదాస్‌కి ఒక్క క్షణం కుర్రాడు ముద్దొచ్చాడు.

"ఇతనికి ఆ కాగితం చూపించు," అంది అమ్ములు వడ చేత్తో తడుతూ. "ఆర్డరు ఇచ్చినోడు ఎవడో దాన్లో ఉంది కదా, రోజూ చెప్తావు."

"కాగితం ఉందా?" రామీ కళ్ళు పెద్దవయ్యాయి. "అంకుల్, ప్లీజ్. ఆ పదకొండు రోజులూ నన్ను అడిగిన ప్రశ్నకి జవాబు అది. నేను చూడాలి."

హరిదాస్ ఫోల్డర్ తెచ్చాడు. హాల్లో డైనింగ్ టేబుల్ మీద పెట్టాడు. బొటనవేలు దానంతటదే వెళ్ళి తన చోట్లో కూర్చుంది. రామీ వంగి చదువుతున్నాడు. తారీకు. కైరో కొట్టు పేరు. ఐదొందల డజన్లు. చదివి, తలెత్తకుండా, ఆ వేలి వంక చూశాడు. ఇంజనీరు కదా, కాగితం మీద కనపడని చోటు ఉంటే ఆగుతాడు.

ఇప్పుడు హరిదాస్ చెయ్యాల్సింది చాలా సులువు. కాగితం మడిచేసి, "రహస్యం బాబూ, పెద్దోళ్ళ పని" అంటే చాలు. కుర్రాడు బతికినంతకాలం తన వెనకాల ఎవడో పెద్దవాడు ఉన్నాడనే అనుకుంటాడు. ఆ ఆఫీసరుది రైటనుకుంటాడు. ఆదివారం టేబుల్ ఎక్కడికీ పోదు.

అమ్మ గంజి కాసిన రాత్రి ఎందుకో గుర్తొచ్చింది. మేస్త్రీ కూడా ఇలాగే ఒక కాగితం చూపించాడు. దాని మీద మేస్త్రీ వేలు ఎక్కడుందో పదేళ్ళ పిల్లాడు చూసుకోలేదు.

హరిదాస్ వేలు తీశాడు.

రామీ చదివాడు. ఇంకోసారి చదివాడు. "పీసులు..." అన్నాడు.

"పీసులే," అన్నాడు హరిదాస్. "నేను డజన్లు కొట్టాను. ట్రిపోలీ పడిపోతంటే టీవీ చూస్తా కొట్టాను. సీఐఏ లేదు, ఏటీ లేదు." కాగితం అతని వైపు జరిపాడు. "నిన్ను నడిపినోడి పేరు హరిదాస్. రాసుకో. ఆ పదకొండు రోజులూ... నాకు తెలీదు బాబూ. నేను ఇక్కడ చికెన్ రైస్ తింటన్నాను."

రామీ భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడేమో అనుకున్నారు. నవ్వు. ముందు ముక్కులోంచి, తర్వాత గొంతులోంచి, తర్వాత కుర్చీలో కూలబడి కళ్ళు తుడుచుకుంటూ. "హ-రి-దాస్! నేను ఈ జన్మలో ఊహించగలిగే పేరేనా! చెప్పినా ఆఫీసరు నమ్మేవాడు కాదంకుల్. ఇంకో పదకొండు రోజులు ఉంచేవాడు!"

నిఖిల నవ్వలేదు. ఆ కాగితం చేతిలోకి తీసుకుని తండ్రి వంక చూసింది. "పద్నాలుగేళ్ళు నాన్నా. మా ఫ్రెండ్స్‌కి చెప్పావు. మా స్కూల్ టీచర్‌కి చెప్పావు. అక్కడ చచ్చిపోయినవాళ్ళందర్నీ తోలుబొమ్మలన్నావు. నీకు తెలిసే అన్నావు." సంచి తీసుకుని బయటకెళ్ళిపోయింది. లిఫ్ట్ తలుపు మూసుకున్న చప్పుడు వినిపించింది. రామీ లేచి, అమ్ములు అప్పుడే దించిన రెండు వడలు చేత్తో పట్టుకుని, "నేను చూసుకుంటాను" అని పరిగెత్తాడు.

హరిదాస్ బల్ల దగ్గరే కూర్చుండిపోయాడు. అమ్ములు వచ్చి ఎదురుగా కూర్చుంది.

"నాకు తెలుసులే," అంది. "లిమ్ వాళ్ళావిడ అప్పుడే చెప్పింది మార్కెట్లో."

"తెలిసీ ఇన్నేళ్ళూ అనలేదేటే?"

"ఎందుకంటాను? ఈ గాగుల్స్ కథ లేకపోతే ఆదివారం నువ్వు ఇంట్లోనే ఉంటావు. పొద్దున్న ఏడు నుంచి పదకొండు దాకా ఇల్లు నాది. నా ఇంటరెస్టు నాకుండదా?"

హరిదాస్ భార్య వంక నోరు తెరిచి చూశాడు. వెనకాల ఎవడున్నాడని జీవితమంతా వెతికాడు. ఇంట్లోనే ఉంది, చీర కట్టుకుని.

వారం రోజులు నిఖిల ఆయనతో మాట్లాడలేదు. ఒకే ఇంట్లో ఉంటూ, "అమ్మా, నాన్నని ఉప్పు ఇటిమ్మను" అనేది, ఉప్పు ఆయన పక్కనే ఉన్నా. శనివారం రాత్రి ఆయన ఆ పిల్ల గది తలుపు దగ్గర నిలబడి, "రేపు రావుగారికి చెప్పేత్తాను. నువ్వూ అబ్బాయీ రండి, మీ ముందే చెప్తాను," అన్నాడు.

ఆదివారం. ఫ్యాన్ కింద టేబుల్. రామీ వచ్చాడు, ఒక్కడే. "బస్టాప్‌లో ఉంది అంకుల్. ఆలోచిస్తోంది," అన్నాడు. హరిదాస్ తల ఊపి, నాలుగో కుర్చీ ముందు చోప్ చెయ్యడానికి జేబులో చెయ్యి పెట్టాడు. టిష్యూ ప్యాకెట్ లేదు. సంచిలో ఉన్నది తీసి పెట్టాడు.

విశ్వేశ్వరరావు వచ్చి కూర్చోగానే హరిదాస్ కాగితం బల్ల మీద పరిచి, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, మొత్తం చెప్పేశాడు. పీసులు, డజన్లు, ట్రిపోలీ, చికెన్ రైస్. చెప్పి, తిట్లు తినడానికి తల దించుకున్నాడు.

విశ్వేశ్వరరావు కాగితం చాలాసేపు చూశాడు. తర్వాత రామీని చూశాడు. తర్వాత చుట్టుపక్కల టేబుళ్ళు చూసి, ముందుకి వంగి, గొంతు తగ్గించాడు.

"ఇలా చెప్పమని మీకు ఎవరు చెప్పారండీ?"

"ఎవళు చెప్పడవేటి? నిజం!"

"అది కాదండీ హరిదాస్ గారూ. ఎనిమిదేళ్ళు ఒక మాట చెప్పి, సరిగ్గా కైరో నుంచి ఒక కుర్రాడు మీ ఇంటికొచ్చిన వారానికే మాట మార్చారు. ఇంకోటి. ట్రిపోలీ పడిపోయిన రోజే మీ చెయ్యి ఎందుకు జారాలి? ముప్ఫై ఏళ్ళ సర్వీసులో ఆ ఒక్క రోజే! ఈ కాగితం ఒకసారి ఇలా ఇవ్వండి, జిరాక్స్ తీసుకుంటా."

రామీకి తెలుగు అర్థం కాలేదు గానీ ఆ మొహం అర్థమైంది. అలాంటి మొహాన్ని పదకొండు రోజులు చూసినవాడు. "అంకుల్, ఈయన మిమ్మల్ని నమ్మట్లేదు కదా?" అన్నాడు సంబరంగా.

కొట్ల వరస మధ్యలోంచి నిఖిల వస్తోంది. చేతిలో ట్రే, ట్రేలో నాలుగు కాఫీలు. వచ్చి నిలబడింది. నాలుగో కుర్చీ ముందు బల్ల మీద నీలం పట్టీ గాగుల్స్ ఉన్నాయి, కొంచెం ఉల్లిపాయ వాసన కొడుతూ.

"ఎవరు చోప్ చేశారిది?" అంది, తండ్రి వంకే చూస్తూ.

"సీఐఏ వోళ్ళు," అన్నాడు హరిదాస్. "నీ కోసమే. కూర్చో అమ్మా, కాఫీ చల్లారిపోద్ది."

నిఖిల పెదవులు బిగబట్టింది. ఎంతసేపు బిగబడుతుంది? గాగుల్స్ తీసి తలకి పెట్టుకుని, కూర్చుని, మొదటి కప్పు ఆయన ముందుకే జరిపింది.